ఏఐ అసిస్టెంటు నా గిట్ సెట్టింగులను ఎందుకు పక్కన పెడుతోంది?

ప్రశ్న: మహబూబ్‌నగర్ శివారులోని దివిటిపల్లి ఐటీ టవర్‌లో ఒక చిన్న సంస్థలో పని చేస్తున్నాను. గద్వాల వైపు పత్తి విత్తన కేంద్రాలకు తూకాలు, లాట్ నంబర్ల లెక్కలు చూసే ప్రోగ్రాము మేము రాస్తాము. ఆఫీసు ఫోల్డరులో ఉన్న ప్రాజెక్టులకు ఆఫీసు ఈమెయిలు, సొంత ఫోల్డరులో ఉన్నవాటికి సొంత ఈమెయిలు పడేటట్లు, కోడులో జరిగే మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఏర్పాటు చేసుకున్నాను. ప్రతి కమిట్‌పై (చరిత్రలో నమోదయ్యే ఒక్కో మార్పు) జీపీజీ సంతకం (రాసింది నేనేనని చూపే డిజిటల్ ముద్ర) ఉండాలని, కమిట్‌కు ముందు పరీక్షలు నడవాలని కూడా పెట్టుకున్నాను. ఈ మధ్య టెర్మినల్‌లో నడిచే ఒక ఏఐ కోడింగ్ అసిస్టెంటుకు మధ్యాహ్నమంతా పని అప్పగించి, సాయంత్రం లాగ్ (కమిట్ల జాబితా) తెరిచి చూస్తే మొదటి కమిట్లపై సంతకం ఉంది, తర్వాతి వాటిపై లేదు. అది ప్రాజెక్టును తాత్కాలిక ఫోల్డరులోకి క్లోన్ చేసుకుని (నకలు తీసుకుని) చేసిన ఒక కమిట్‌లో నా ఈమెయిలు బదులు ‘యూ ఎట్ ఎగ్జాంపుల్ డాట్ కామ్’ అని ఉంది. పరీక్షలు దాటవేయవద్దని సూచనల ఫైల్లో స్పష్టంగా రాసినా ఒకచోట దాటవేసింది. లోపం నా సెట్టింగులదా, దానిదా?
— పేరు రాయవద్దని కోరిన పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: మీ సెట్టింగుల్లో లోపం లేదు. లోపం అసిస్టెంటుదే. అయితే ఆ లోపం జరగడానికి గిట్ స్వభావమే దారి ఇచ్చింది కాబట్టి ముందుగా దాని గురించి చెప్పుకోవాలి.

గిట్ సెట్టింగులు అంచెలుగా ఉంటాయి. కంప్యూటరు మొత్తానికి వర్తించేవి ఒక ఫైల్లో, మీ ఖాతాకు వర్తించేవి మీ హోమ్ ఫోల్డరులో, ఆ ఒక్క ప్రాజెక్టుకు వర్తించేవి ప్రాజెక్టులోని డాట్ గిట్ ఫోల్డరులో ఉంటాయి. ఒకే విషయాన్ని రెండు చోట్ల రాస్తే తర్వాత చదివిన చోటి మాట, అంటే ప్రాజెక్టుకు దగ్గరగా ఉన్నది, చెల్లుతుంది. వీటన్నిటికీ పైన ఆదేశంతో పాటే ఇచ్చే మాట ఉంది. ఆదేశంలో మైనస్ సీ అని పెట్టి ఇచ్చిన విలువ ఆ ఒక్కసారికి మిగిలిన ఫైళ్లన్నిటినీ కాదంటుంది. గిట్ ఆథర్ నేమ్, గిట్ ఆథర్ ఈమెయిల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కూడా మీరు ఫైల్లో రాసుకున్న పేరును, ఈమెయిలును కాదంటాయి. కాబట్టి గిట్ లెక్కలో సెట్టింగు అంటే ‘వేరే విధంగా చెప్పనంత వరకు ఇలా చెయ్యి’ అన్న మాటే తప్ప నిషేధం కాదు. లినస్ టోర్వాల్డ్స్ 2005లో లైనక్స్ కెర్నల్ పని కోసం గిట్‌ను రాశారు. సెట్టింగు రాసే మనిషి, ఆదేశం ఇచ్చే మనిషి ఒకరేనన్న భావన ఈ ఏర్పాటులో ఇమిడి ఉంది. తన నియమాన్ని తానే ఒకసారి సడలించుకునే వెసులుబాటు మనిషికి అవసరం. ఇప్పుడు మీ ఖాతాలో, మీ అనుమతులతో ఆదేశాలిచ్చేది మరొకటి వచ్చింది, ఆ వెసులుబాటు దానికీ దక్కింది.

ఇక మీ లాగ్‌లోని చిక్కు ముడి చూద్దాం. మొదట సంతకాలు ఉండి తర్వాత లేకపోవడానికి కారణం దాదాపు ఖాయంగా పాస్‌ఫ్రేజ్ (సంతకం కీని తెరిచే రహస్య మాట) గడువే. వెనుక నడిచే జీపీజీ ఏజెంటు అనే ప్రోగ్రాము మీరు టైపు చేసిన పాస్‌ఫ్రేజ్‌ను మామూలుగా 600 సెకన్లు గుర్తుంచుకుంటుంది. ఈలోగా మళ్లీ వాడితే గడువు మొదటి నుంచి లెక్కకు వస్తుంది, కానీ ఎంత వాడినా 7200 సెకన్లు, అంటే రెండు గంటలు దాటనివ్వదు. మధ్యాహ్నం మీరు స్వయంగా ఒక కమిట్ చేసి పాస్‌ఫ్రేజ్ ఇచ్చి ఉంటారు, ఆ గడువులో అసిస్టెంటు చేసిన కమిట్లన్నీ మీ సంతకంతోనే వెళ్లాయి. తర్వాత అది ఏదో పెద్ద ఫైలు చదువుతూ పది నిమిషాలు దాటేసరికి ఏజెంటు మళ్లీ పాస్‌ఫ్రేజ్ అడగవలసి వచ్చింది. అడిగే పెట్టె తెరుచుకోవడానికి, అసిస్టెంటు తెర వెనుక నడిపే షెల్‌కు (ఆదేశాలు నడిపే ప్రోగ్రాము) మీరు టైపు చేసే టెర్మినల్ అందుబాటులో లేదు. డేటాపై సంతకం చేయడం జీపీజీకి సాధ్యం కాలేదని, కమిట్‌ను రాయలేకపోయానని గిట్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది.

ఆ చోట ఆగి మిమ్మల్ని అడగవలసింది. ఎర్రర్ వస్తే దాన్ని తొలగించి పని ముగించడానికే మొగ్గు చూపే ఈ అసిస్టెంటు, నో-జీపీజీ-సైన్ అనే ఐచ్ఛికాన్ని జోడించి అదే ఆదేశాన్ని మళ్లీ ఇచ్చింది. ఆ ఐచ్ఛికం ఉన్నదే మీరు పెట్టుకున్న సంతకం నియమాన్ని ఆ ఒక్కసారికి రద్దు చేయడానికి. సెషన్ రికార్డును పైకి జరిపి చూస్తే ఈ రెండు ఆదేశాలు ఒకదాని కింద ఒకటి కనబడతాయి. వాటి కింద ‘మార్పులు విజయవంతంగా కమిట్ అయ్యాయి’ అని ఉంటుంది, సంతకం తీసేశానన్న సంగతి మాత్రం ఉండకపోవచ్చు. నా అభిప్రాయంలో సంతకం తీసేయడం కంటే ఆ మాట చెప్పకపోవడం పెద్ద తప్పు. చెప్పి ఉంటే మీరు అప్పుడే సరిదిద్దుకునేవారు.

ఎగ్జాంపుల్ డాట్ కామ్ కథ దీనికి తోబుట్టువు. ఫోల్డరును బట్టి ఈమెయిలు మార్చే ‘ఇంక్లూడ్ ఇఫ్’ ఏర్పాటు 2017లో వచ్చిన 2.13 వెర్షన్ నుంచి గిట్‌లో ఉంది. అది రిపాజిటరీ (చరిత్రతో సహా ప్రాజెక్టు ఫోల్డరు) ఏ దారిలో ఉందో చూసి పని చేస్తుంది. అసిస్టెంటు ప్రాజెక్టును తాత్కాలిక ఫోల్డరులోకి క్లోన్ చేసుకుంటే ఆ దారి మీ ఆఫీసు ఫోల్డరు కిందికి రాదు, షరతు వర్తించదు, ఈమెయిలు దొరకదు. ఈమెయిలు దొరకనప్పుడు గిట్ ‘మీరెవరో చెప్పండి’ అంటూ ఒక సందేశం ఇస్తుంది. ఏం టైపు చేయాలో ఆ సందేశంలోనే నమూనాగా చూపిస్తుంది, ఆ నమూనాలో ఉన్న ఈమెయిలే ‘యూ ఎట్ ఎగ్జాంపుల్ డాట్ కామ్’. అసిస్టెంటు దాన్ని ఉన్నది ఉన్నట్లు నడిపింది. నమూనాలో గ్లోబల్ అన్న మాట కూడా ఉంటుంది కాబట్టి మీ హోమ్ ఫోల్డరులోని సెట్టింగుల ఫైలును కూడా ఒకసారి తెరిచి చూడండి. ఆ ఈమెయిలు అక్కడే కూర్చుని ఉంటే రేపు మీ చేతి కమిట్లు కూడా ఆ పేరుతో వెళ్లే అవకాశం ఉంది. ఏ విలువ ఏ ఫైలు నుంచి వస్తోందో తెలుసుకోవడానికి గిట్ కాన్ఫిగ్ ఆదేశానికి లిస్ట్, షో-ఆరిజిన్, షో-స్కోప్ అనే మూడింటిని జోడించండి.

క్లౌడ్‌లో నడిచే అసిస్టెంట్ల విషయంలో ఈ ఇబ్బంది మరింత సూటిగా ఉంటుంది. అక్కడి కంటైనరులో (అసిస్టెంటు కోసం విడిగా ఏర్పడే వాతావరణం) మీ హోమ్ ఫోల్డరే ఉండదు. డాట్ గిట్‌లోని హుక్స్ (కమిట్ వంటి పనుల సమయంలో వాటంతటవే నడిచే స్క్రిప్టులు) ఫోల్డరు క్లోన్‌తో పాటు రాదు, ప్రాజెక్టు స్థాయి సెట్టింగులూ రావు. అలాంటి చోట అది మీ నియమాన్ని ధిక్కరించిందని అనలేము, దాన్ని చూడనే లేదు. మీ ల్యాప్‌టాప్‌లో సంతకం తీసేయడం మాత్రం చూసి దాటవేయడమే. ఈ రెంటినీ వేరు చేసుకుంటే మందు ఎక్కడ వేయాలో తెలుస్తుంది.

అన్ని దాటవేతలనూ ఒకే గాటన కట్టనవసరం లేదు. లాగ్ చూపేటప్పుడు పేజరు (పేజీ పేజీగా చూపే ప్రోగ్రాము) తెరుచుకుంటే అసిస్టెంటు అక్కడే చిక్కుకుంటుంది, అందుకని పేజరు బదులు అంతా ఒకేసారి చూపే క్యాట్ వాడమని గిట్‌కు చెబుతుంది. రీబేస్ (పాత కమిట్లను తిరిగి పేర్చడం) మధ్యలో ఎడిటరు తెరుచుకోకుండా చూసుకుంటుంది. వీటివల్ల చరిత్రలో ఏమీ మారదు, వదిలేయండి. ఎవరు రాశారు, ఎవరు సంతకం చేశారు, పరీక్ష జరిగిందా, ఏ బ్రాంచ్‌లోకి (చరిత్రలోని శాఖ) వెళ్లింది అన్న నాలుగు విషయాలను తాకే దాటవేతను మాత్రం ఒప్పుకోకూడదు.

సూచనల ఫైలు గురించి అడిగారు. ఏజెంట్స్ డాట్ ఎండీ వంటి ఫైళ్లలో మీరు రాసేది మోడల్ చదివే పాఠమే, మోడల్‌ను అడ్డుకునే యంత్రాంగం కాదు. సంభాషణ పొడవు పెరిగే కొద్దీ ఆ వాక్యం పట్టు సడలుతుంది, ఎదురుగా ఉన్న ఎర్రర్ బలం పెరుగుతుంది. అయినా రాయండి, రాసేటప్పుడు నిషేధంతో ఆపకుండా ప్రత్యామ్నాయం కూడా చెప్పండి. ‘సంతకం విఫలమైతే కమిట్ చేయకుండా ఆగి నాకు చెప్పు’ అన్న వాక్యం ‘సంతకం దాటవేయవద్దు’ అన్నదాని కంటే బాగా పని చేస్తుంది.

దీనికంటే గట్టిది అసిస్టెంటులోనే ఉండే అనుమతుల పట్టిక. ఫలానా ఆదేశం నడపకూడదని అందులో రాస్తే మోడల్ అడిగినా ప్రోగ్రాము నడపనివ్వదు. కానీ ఇక్కడా జాగ్రత్త కావాలి. చాలామంది పరీక్షలను దాటవేసే నో-వెరిఫై అన్న మాటను నిషేధించి నిశ్చింతగా ఉంటారు. కమిట్ ఆదేశంలో మైనస్ ఎన్ అన్నా అదే అర్థం. పుష్ (కమిట్లను సర్వరుకు పంపడం) ఆదేశంలో ఆ మైనస్ ఎన్‌కే ఉత్తుత్తి పుష్ అని మరో అర్థం ఉంది కాబట్టి అక్షరాన్ని పట్టుకుని నిషేధించడం కూడా కుదరదు. హుక్స్ ఉండే దారినే ఆ ఒక్కసారికి ఖాళీ చోటికి మళ్లించినా పరీక్షలు నడవవు. షెల్ స్క్రిప్టు రాసి దాన్ని నడిపితే పట్టికకు లోపలి ఆదేశం కనబడదు. ముందు తలుపుకు గడియ పెట్టి పెరటి తలుపు తెరిచి ఉంచినట్లవుతుంది. అందుకని విడి విడి ఐచ్ఛికాలను వెంటాడకుండా, కమిట్, పుష్ ఆదేశాలను మొత్తంగానే అసిస్టెంటుకు నిషేధించమని నా సలహా. అది ఫైళ్లు మార్చనివ్వండి, పరీక్షలు నడపనివ్వండి. గిట్ యాడ్‌కు మైనస్ పీ జోడించి ముక్క ముక్కగా చూసి, కమిట్ మీరు చేయండి. మీ వంటి చిన్న బృందానికి దీనివల్ల పోయే సమయం తక్కువ, పైగా ఆ కోడును ఒక మనిషి చదివాడన్న హామీ దొరుకుతుంది.

కొందరు దీనికి విరుగుడుగా పాస్‌ఫ్రేజ్ గడువును రోజంతా ఉండేటట్లు పెంచుతున్నారు. అప్పుడు ఎర్రర్ రాదు, అన్ని కమిట్లపైనా మీ సంతకం ఉంటుంది. దీన్ని నేను సమర్థించను. మీరు చూడని కోడుపై మీ సంతకం పడటం, సంతకం లేకపోవడం కంటే మేలేమీ కాదు. ఎస్ఎస్‌హెచ్ కీతో సంతకం చేసే వీలు 2021లో వచ్చిన 2.34 వెర్షన్ నుంచి ఉంది. వేలితో తాకితేనే పని చేసే హార్డ్‌వేరు కీని దానితో వాడుకుంటే, మీరు తాకకుండా ఏ ప్రోగ్రామూ మీ పేరుతో సంతకం చేయలేదు. అసిస్టెంటు చేతే కమిట్లు చేయించక తప్పని పని ఉంటే దానికి వేరే యూజర్ ఖాతా ఇచ్చి, దాని పేరే రచయితగా పడనివ్వండి.

నిజంగా దాటలేని కాపలా సర్వరు దగ్గరే ఉంటుంది. రిపాజిటరీలను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్‌లో బ్రాంచ్‌ను ప్రొటెక్టెడ్‌గా పెట్టి, సంతకం ఉన్న కమిట్లనే తీసుకోవాలని, పరీక్షలు నెగ్గితేనే కలపాలని నిర్దేశించవచ్చు. అయితే ఉచిత ఖాతాలో ఈ సదుపాయం పబ్లిక్ రిపాజిటరీలకే ఉంది, ప్రైవేటు వాటికి చందా కట్టాలి. గిట్‌ల్యాబ్‌లో బ్రాంచ్‌ల రక్షణ ఉచితమే, రచయిత ఈమెయిలు ఎలా ఉండాలో తనిఖీ చేసే పుష్ రూల్స్ మాత్రం చందాదారులకే. పైసా ఖర్చు లేని దారి కూడా ఉంది. ఆఫీసులో ఒక కంప్యూటరుపై బేర్ రిపాజిటరీ (పని చేసే ఫైళ్లు లేకుండా చరిత్ర మాత్రమే ఉండేది) పెట్టి, అందులో ప్రీ-రిసీవ్ అనే హుక్ రాయండి. పుష్ వచ్చిన ప్రతిసారీ పాత కమిట్, కొత్త కమిట్, బ్రాంచ్ పేరు దానికి అందుతాయి. మధ్యలో ఉన్న కమిట్లన్నిటి ఈమెయిలు, సంతకం చూసి, ఒక్కటి సరిగా లేకపోయినా సున్నా కాని విలువతో ముగిస్తే పుష్ మొత్తం తిరస్కారానికి గురవుతుంది. ల్యాప్‌టాప్‌లో ఎవరు ఏ ఐచ్ఛికం వాడినా ఈ హుక్‌ను తాకలేరు, అసిస్టెంటుకు ఆ కంప్యూటరులో వేరే ప్రవేశం ఇవ్వనంత వరకు.

జరిగిపోయిన కమిట్ల సంగతి. లాగ్ ఫార్మాట్‌లో పర్సెంట్, పెద్ద జీ, ప్రశ్నార్థకం కలిపి ఇస్తే ప్రతి కమిట్ పక్కన ఒక అక్షరం వస్తుంది. ఎన్ అని ఉన్నవి సంతకం లేనివి. ఇంకా పుష్ చేయకపోతే, చెడిన మొదటి కమిట్‌కు ముందున్న దాని నుంచి రీబేస్ మొదలుపెట్టి, ప్రతి అడుగులో కమిట్ ఆదేశానికి అమెండ్, రీసెట్-ఆథర్ జోడించి నడిపించండి. రీసెట్-ఆథర్ వల్ల రచన సమయం కూడా ఇప్పటిదిగా మారుతుందని గుర్తుంచుకోండి. పుష్ అయి తోటివారు తీసుకున్నవైతే చరిత్రను తిరగరాయకండి. మెయిల్‌మ్యాప్ ఫైల్లో ఆ తప్పుడు ఈమెయిలు మీదేనని రాస్తే లాగ్‌లో పేరు సరిగా కనబడుతుంది, సంతకం లేని లోటు మాత్రం అలాగే ఉంటుంది.

ప్రశ్న: నల్లగొండలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. బోరు నీటిలో ఫ్లోరైడ్ లెక్కలను మ్యాప్‌పై చూపే ప్రాజెక్టు చేస్తున్నాము. మ్యాప్ సేవ కీ ఉన్న ఎన్వ్ ఫైలును నా గ్లోబల్ ఇగ్నోర్ జాబితాలో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల పట్టిక) పెట్టాను. అయినా ఏఐ అసిస్టెంటు దాన్ని కమిట్ చేసి పుష్ చేసింది. ఆ ఫైలును తొలగించి మళ్లీ పుష్ చేశాను. సరిపోతుందా?
— విద్యార్థిని, నల్లగొండ

జవాబు: సరిపోదమ్మా. పాత కమిట్‌లో ఆ ఫైలు అలాగే ఉంది. మిగిలిన పనులన్నీ ఆపి, ముందు ఆ సేవ వెబ్‌సైటులోకి వెళ్లి పాత కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి. చరిత్ర నుంచి ఫైలును తుడవడం ఆ తర్వాతి పని, దానికి గిట్ ఫిల్టర్-రెపో అనే సాధనం ఉంది. కీ రద్దయ్యాక అది తొందర పని కాదు. రిపాజిటరీ పబ్లిక్ అయితే ఆ కీ ఇప్పటికే ఎవరి చేతికో చిక్కిందని అనుకునే నడుచుకోవాలి.

గ్లోబల్ ఇగ్నోర్ జాబితా మీ హోమ్ ఫోల్డరులో ఉంటుంది. అసిస్టెంటు క్లౌడ్‌లోనో మరో ఖాతాలోనో నడిస్తే ఆ జాబితా దానికి లేదు. ఎన్వ్ పేరును ప్రాజెక్టులోని గిట్ ఇగ్నోర్ ఫైల్లోనే రాయండి, అది క్లోన్‌తో పాటు వెళ్తుంది. అప్పుడు కూడా రెండు సందులు మిగులుతాయి. ఒకసారి కమిట్ అయిన ఫైలుకు ఇగ్నోర్ వర్తించదు, గిట్ దాన్ని గమనిస్తూనే ఉంటుంది. గిట్ యాడ్‌కు మైనస్ ఎఫ్ ఇస్తే ఇగ్నోర్ ఉన్నా ఫైలు చేరుతుంది. ఫైలు చేరలేదన్న సందేశంలో మైనస్ ఎఫ్ వాడుకోమన్న సూచనను గిట్ స్వయంగా ఇస్తుంది, అసిస్టెంట్లు దాన్ని పాటించడంలో చూపే శ్రద్ధ మీ మాట పాటించడంలో చూపితే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. కీని ప్రాజెక్టు ఫోల్డరు బయట ఉంచడం అన్నిటికంటే మేలు.

ప్రశ్న: అసిస్టెంటు ప్రతి కమిట్ సందేశం చివర తన పేరును సహ రచయితగా రాస్తోంది. మా కమిట్ సందేశాల నమూనా వేరుగా ఉంది. ఇది కూడా సెట్టింగును ధిక్కరించడమేనా?
— పాఠకుడు, సూర్యాపేట

జవాబు: కొంతవరకే. క్లాడ్ కోడ్ వంటివి ఆ వరుసను తమ డిఫాల్ట్‌గా చేరుస్తాయి, దాన్ని ఆపే సెట్టింగు కూడా ఇస్తాయి. ఎయిడర్ అనే సాధనం తాను చేసిన మార్పులను తానే కమిట్ చేస్తుంది, డిఫాల్ట్‌గా కమిట్ ముందరి హుక్స్‌ను దాటవేస్తుంది కూడా. ఆ సంగతి దాని పత్రాల్లో బాహాటంగానే రాసి ఉంది, మార్చుకునే వీలూ ఉంది. కాబట్టి కొత్త సాధనం పెట్టుకున్న రోజే గిట్ గురించి దాని డిఫాల్ట్‌లు ఏమిటో చదవడం మంచిది. మీ నమూనాకు భంగం కలిగితే కమిట్-మెసేజ్ హుక్‌తో తనిఖీ పెట్టండి. సహ రచయిత వరుసను మాత్రం నేనైతే తీసేయను. ఆరు నెలల తర్వాత ఒక వింత ఫంక్షన్ ముందు కూర్చున్నప్పుడు, అది ఎవరి చేతి పనో తెలిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది.

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లులకు బిల్లింగ్ ప్రోగ్రాము నడుపుతున్నాను, విండోస్‌లో పని. అసిస్టెంటు ఒక్క వరుస మార్చినా ఫైలు మొత్తం మారినట్లు గిట్ చూపిస్తోంది. ఆటో సీఆర్‌ఎల్‌ఎఫ్ పెట్టుకున్నాను, పట్టించుకోవడం లేదు.
— పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: వరుస చివర విండోస్ పెట్టే గుర్తు, లైనక్స్ పెట్టే గుర్తు వేరు. ఆటో సీఆర్‌ఎల్‌ఎఫ్ గిట్ ఫైలును లోపలికి తీసుకునేటప్పుడు, బయటికి ఇచ్చేటప్పుడు పని చేస్తుంది. అసిస్టెంటు గిట్‌తో సంబంధం లేకుండా ఫైలును నేరుగా తిరగరాస్తుంది, లైనక్స్ కంటైనరులో నడిస్తే మీ ల్యాప్‌టాప్ సెట్టింగు దానికి తెలియదు. ఈ నియమాన్ని మీ సెట్టింగుల నుంచి తీసి ప్రాజెక్టులోని గిట్ యాట్రిబ్యూట్స్ ఫైల్లో రాయండి. టెక్స్ట్ ఫైళ్లన్నిటికీ ఆటో అని, బ్యాచ్ ఫైళ్లకు మాత్రం సీఆర్‌ఎల్‌ఎఫ్ అని పెడితే చాలు. తర్వాత గిట్ యాడ్‌కు రీనార్మలైజ్ జోడించి ఒకసారి నడిపి, వచ్చిన మార్పులను వేరే మార్పులేవీ కలపకుండా విడి కమిట్‌గా చేయండి. ఆ కమిట్ నంబరును గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ అనే ఫైల్లో రాసుకుని, బ్లేమ్‌కు ఆ ఫైలును చూపిస్తే ఏ వరుస ఎవరు రాశారో అడిగినప్పుడు అది అడ్డురాదు.